కల్లం నుంచి కస్టమర్ దాకా: కారం, పచ్చళ్ల వ్యాపారాన్ని పర్యావరణహితంగా మార్చుకునే పద్ధతి

పర్యావరణానికి మేలు చేయాలనుకున్న వ్యాపారి సాధారణంగా ముందు సంచి మారుస్తాడు. ప్లాస్టిక్ తీసేసి కాగితం పెడతాడు, లేబులు మీద పచ్చటి ఆకు బొమ్మ వేయిస్తాడు. ఉద్దేశం మంచిదే. కానీ కిలో కారం వెనకున్న కాలుష్యంలో అధిక భాగం మిల్లు గేటు లోపల పుట్టదు. పొలంలో, కల్లంలో, కోల్డ్ స్టోరేజీలో, లారీలో, సీసాలు పోసే ఫ్యాక్టరీలో పుడుతుంది. అవన్నీ మీరు జీతమిచ్చే మనుషుల చేతిలో లేవు, మీరు సరుకు కొనే మనుషుల చేతిలో ఉన్నాయి. వాళ్లతో ఏ లెక్కన బేరం చేస్తున్నారు, డబ్బు ఎప్పుడు ఇస్తున్నారు అనే రెండు విషయాలు మారకుండా సరఫరా వ్యవస్థ మారదు. ఈ మార్గదర్శి అంతా ఆ నమ్మకం మీదే రాస్తున్నాను.

ఉదాహరణకు, గుంటూరు ప్రాంతపు మిర్చి కొని కారం, పచ్చళ్లు తయారుచేసి హైదరాబాద్, బెంగళూరు దుకాణాలకు, కొంత విదేశాలకు పంపే ఒక మధ్యతరహా సంస్థను తీసుకుందాం. మీది రైస్ మిల్లు అయినా, చేనేత వస్త్రాల వ్యాపారమైనా క్రమం ఇదే. అంకెలు మాత్రం మారతాయి.

మొదటి అడుగు: మీ బిల్లుల్లోంచే లెక్క తీయండి

దీనికి కన్సల్టెంట్ అక్కర్లేదు. ఏడాది జీఎస్టీ కొనుగోలు బిల్లులు, ఈ-వే బిల్లులు, కరెంటు బిల్లులు, డీజిల్, గ్యాస్ రసీదులు ముందు పెట్టుకోండి. 50 వేల రూపాయలు దాటిన సరుకు రవాణాకు మామూలుగా ఈ-వే బిల్లు తప్పనిసరి కాబట్టి ఏ బండి ఎక్కడ బయల్దేరి ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో దానిలోనే ఉంటుంది. పన్ను కోసం దాచిన కాగితాలే ఇప్పుడు పర్యావరణ లెక్కకు ఆధారం.

ఒక పెద్ద కాగితం మీద గానీ కంప్యూటర్లో గానీ పట్టిక గీయండి: సరుకు, ఏడాదికి ఎన్ని కిలోలు, ఎవరి దగ్గర కొన్నారు, అసలు ఎక్కడ పండింది లేదా తయారైంది, ఏ వాహనంలో వచ్చింది, ఏ సంచిలో వచ్చింది. ఇంగువ దగ్గర్నుంచి రబ్బరు బ్యాండ్ల దాకా అన్నీ రాయాలని కూర్చుంటే పని సాగదు. బరువు ప్రకారం పెద్ద సరుకులు రాస్తే చాలు. మనలాంటి సంస్థకు మిర్చి, మామిడికాయ, నూనె, ఉప్పు, ఆవాలు, వెల్లుల్లి, సీసాలు, అట్టపెట్టెలు.

'అసలు ఎక్కడ పండింది' అనే గడి చాలామందికి ఖాళీగానే మిగులుతుంది. మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు దగ్గర కొన్నామన్నంత వరకే తెలుస్తుంది. ఆ టిక్కీలు (మిర్చి బస్తాలు) ఏ ఊరివో, ఏ రైతువో తెలియదు. ఆ ఖాళీలను అలాగే ఉంచి ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. ఎక్కడ తెలియదో అక్కడే పని ఎక్కువ ఉంటుంది.

రెండో అడుగు: దేని బరువు ఎంతో చూడండి

నాలుగైదు అంకెలు గుర్తుంటే చాలు. లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మన దేశపు గ్రిడ్ నుంచి ఒక యూనిట్ కరెంటు వాడితే సుమారు 0.7 కిలో. 19 కిలోల వాణిజ్య గ్యాస్ సిలిండరు అయిపోయేసరికి 57 కిలోలు.

ఇప్పుడు గుంటూరు నుంచి హైదరాబాద్‌కు 10 టన్నుల మిర్చి తెచ్చే లారీని చూడండి. సుమారు 275 కిలోమీటర్లు, 60 లీటర్ల డీజిల్, అంటే 160 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఖాళీగా తిరిగి వెళ్తే మరో 45 లీటర్లు. రానూపోనూ కలిపి 280 కిలోలు. కిలో మిర్చి వాటాకు వచ్చేది 28 గ్రాములు.

అదే మిర్చి పొలంలో ఏం జరిగిందో చూద్దాం. 45 కిలోల యూరియా బస్తాలో ఇంచుమించు 21 కిలోల నత్రజని ఉంటుంది. నేలలో వేసిన నత్రజనిలో ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్ రూపంలో గాలిలోకి పోతుందని వాతావరణ శాస్త్రవేత్తలు లెక్క కడతారు. వందేళ్ల కాలంలో చూస్తే ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. ఆ ప్రకారం ఒక్క యూరియా బస్తా 90 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. యూరియా తయారీకి పట్టిన ఇంధనం దీనికి అదనం. ఎకరాకు ఆరు బస్తాలు వేసి 20 క్వింటాళ్ల ఎండుమిర్చి తీశారనుకుంటే, కిలో మిర్చికి 270 గ్రాములు. లారీ కంటే దాదాపు పది రెట్లు.

మూడోది సీసా. అరకిలో పచ్చడి పట్టే గాజు సీసా పావు కిలో తూగుతుందనుకోండి. కిలో గాజు తయారీకి కిలోకు అటూ ఇటూగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే కిలో పచ్చడికి రెండు సీసాలు, అరకిలో ఉద్గారం. పర్యావరణహితమని గర్వంగా చెప్పుకునే గాజు సీసా, ఒక్కసారి వాడి పారేస్తే, మిర్చి చేలో చల్లిన యూరియాను కూడా మించిపోతుంది.

ఈ లెక్కలు ఉజ్జాయింపువే. నిర్ణయం తీసుకోవడానికి ఇంత చాలు. ముందు పొలం, సీసా, ఆ తర్వాతే లారీ అని వరస తేలింది కదా. డబ్బు, శ్రమ ఆ వరసలోనే పెట్టండి.

మూడో అడుగు: పొలం దాకా వెళ్లండి

యార్డులో వేలం పాటలో కొన్న మిర్చి మీద మీకు ఏ పట్టూ ఉండదు. కొనుగోలు మొత్తాన్ని ఒక్కసారే మార్చనక్కర్లేదు. మొదటి ఏడాది పదో వంతు సరుకును ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం దగ్గర నేరుగా కొనండి. నాట్లకు ముందే, అంటే జులై, ఆగస్టుల్లోనే మాట్లాడుకోవాలి. జనవరిలో కాయలు కోతకు వచ్చాక వెళ్లి 'మందులు తక్కువ కొట్టారా' అని అడిగితే ప్రయోజనం లేదు.

రైతుతో మాట్లాడాల్సినవి మూడు.

ఎరువు: నేల పరీక్ష చేయించి ఆ ఫలితం ప్రకారమే నత్రజని వేయడం, ఒకేసారి కుమ్మరించకుండా దఫాలుగా ఇవ్వడం, వీలైన చోట డ్రిప్పు ద్వారా పంపడం. పరీక్ష ఖర్చు మీరు భరించండి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ద్వారా 2016 నుంచి ప్రకృతి సేద్యం కార్యక్రమం నడుస్తోంది. ఆ పద్ధతిలో ఉన్న ఊళ్లలో ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం, ఘన జీవామృతం వాడే రైతులు ఇప్పటికే ఉన్నారు. కొత్తవాళ్లను ఒప్పించడం కంటే వాళ్లతో మొదలుపెట్టడం తేలిక.

పురుగుమందు: 2021లో నల్ల తామర పురుగు మిర్చిని ఊడ్చేసిన తర్వాత రైతుల్లో భయం ఇంకా పోలేదు. ఆ భయంతోనే కనబడిన మందల్లా కొడుతున్నారు. మందులు మానేయమని చెప్పే హక్కు నష్టం భరించని మనకు లేదు. జిగురు అట్టలు, మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, చేను చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న వరసలు, వేపనూనె, ఏ దశలో ఏ మందు ఆపాలో చెప్పే ఒక మనిషి: ఇవి సమకూర్చండి. గుంటూరు పక్కనే ఉన్న లాం పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తల సలహా తీసుకోండి. పంట చేతికొచ్చాక అవశేషాల పరీక్షకు గుంటూరులోనే సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రయోగశాల ఉంది. ఎగుమతి చేసేవారికి ఈ పరీక్ష ఎలాగూ తప్పదు.

ఆరబోత: నా దృష్టిలో అన్నింటికంటే త్వరగా ఫలితమిచ్చేది ఇదే. ఫిబ్రవరి, మార్చిల్లో పల్నాడు ఊళ్ల వెంట వెళ్తే కళ్లాల నిండా ఎర్రగా పరిచిన కాయలు కనిపిస్తాయి. ఉదయం పరిచి, తిరగేసి, సాయంత్రం కుప్ప చేసి, మంచు పడకుండా కప్పి, మళ్లీ ఉదయం పరుస్తారు. కాయను చెవి దగ్గర ఆడిస్తే గింజలు గలగలమనాలి. వట్టి నేల మీద ఆరబోసిన కాయకు మన్ను అంటుతుంది, తేమ తగులుతుంది, బూజు పడుతుంది. అకాల వర్షం ఒక్క రాత్రి కురిస్తే మేలు రకం కాయ కూడా తాలు (రంగు పోయిన నాసిరకం) కింద పోతుంది. చెడిపోయిన ప్రతి కిలో వెనక యూరియా, నీళ్లు, డీజిల్, కూలి మొత్తం ఖర్చయిపోయే ఉంటాయి. వృథాను తగ్గించడం అంటే అదనంగా ఏమీ పండించకుండానే కాలుష్యాన్ని తగ్గించడం.

టార్పాలిన్ పట్టాలు కొనివ్వండి. సంఘానికి ఒక సోలార్ డ్రయ్యర్ షెడ్డు వేయడానికి వాటా పెట్టండి. అంతకంటే ముఖ్యంగా ధర కట్టే పద్ధతి మార్చండి. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం మిర్చిలో తేమ 11 శాతం మించకూడదు. కానీ కాటా మీద బరువుకే డబ్బిస్తే బాగా ఆరబెట్టిన రైతు నష్టపోతాడు. లెక్క చూడండి: 14 శాతం తేమ ఉన్న 100 కిలోల కాయను 10 శాతానికి ఆరబెడితే మిగిలేది 95.6 కిలోలు. కిలో 150 రూపాయలైతే క్వింటాకు 660 రూపాయలు పోయినట్లు. ఇన్ని రోజులు అదనంగా ఎండబెట్టి డబ్బు పోగొట్టుకోమని ఎవరిని అడగగలం? కొందరు బరువు కోసం, కాయ విరగకుండా ఉండటం కోసం నీళ్లు చల్లుతారంటే కారణం ఈ కాటాయే. చేతిలో పట్టే తేమ మీటరుతో కొలిచి, తేమ తగ్గినకొద్దీ కిలో ధర పెంచే పట్టికను ముందే రాసి ఇవ్వండి. 10 శాతం తేమ ఉన్న కాయకు 157 రూపాయలిస్తే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. మీకు బూజు బెడద తగ్గుతుంది, మిల్లులో ఏరివేత తగ్గుతుంది.

కొనుగోలు హామీ కనీసం రెండు, మూడు పంటల కాలానికి రాతపూర్వకంగా ఉండాలి. ఒక్క ఏడాది మాట నమ్మి ఏ రైతూ సాగు పద్ధతి మార్చడు. మార్కెట్ ధర పడిపోయినప్పుడు మీరు యార్డుకు వెళ్లిపోతే ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ మీ మాట వినరు.

నాలుగో అడుగు: నిల్వ, మిల్లు

ఇక్కడ పని చిన్నది, తేలికైనది. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో నెలల తరబడి ఉంటుంది. నిల్వ చేసే చోట శీతలీకరణకు ఏ వాయువు వాడుతున్నారో అడగండి. అమ్మోనియాకు భూమిని వేడెక్కించే గుణం లేదు. ఆర్-404ఏ లాంటి వాయువు కిలో లీకైతే దాదాపు నాలుగు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మీరే చిన్న చల్లగది కట్టించుకుంటుంటే మాత్రం ఈ ప్రశ్న అడగకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

మిల్లులో మోటారు కాలిన ప్రతిసారీ వైండింగ్ చేయించి బిగించడం అలవాటు. నాలుగైదుసార్లు తీగ చుట్టిన మోటారు అదే పనికి ఎక్కువ కరెంటు తాగుతుంది. ఈసారి కాలినప్పుడు తక్కువ కరెంటుతో నడిచే ఐఈ3 తరగతి మోటారు కొనండి. పైకప్పు మీద ఒక కిలోవాట్ సౌరఫలకాలకు 100 చదరపు అడుగులు కావాలి, మన ఎండకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. కారం పట్టే పని పగటి పూటే పెట్టుకుంటే ఆ కరెంటు అక్కడికక్కడే వాడుకోవచ్చు. తీసేసిన తొడిమలు, మామిడి టెంకలు, వెల్లుల్లి పొట్టు కాల్చకండి, చెత్త బండికి వేయకండి. కంపోస్టు చేసి సంఘానికే తిరిగి పంపండి.

ఐదో అడుగు: రవాణా

లారీ వాటా చిన్నదే అయినా ఇక్కడ మార్పు డబ్బు మిగుల్చుతుంది. సగం నిండిన లారీకి కిలో లెక్కన ఉద్గారం ఇంచుమించు రెట్టింపు. వారానికి రెండు చిన్న ఆర్డర్లు పంపే బదులు ఒక పెద్ద ఆర్డరు పంపడానికి దుకాణదారును ఒప్పించండి, అందుకు చిన్న తగ్గింపు ఇవ్వండి. మీ మిర్చి తెచ్చిన లారీ ఖాళీగా వెళ్లకుండా హైదరాబాద్ నుంచి గుంటూరుకు సరుకు పంపే వేరొక వ్యాపారితో కిరాయి పంచుకోండి. నగరంలో చివరి పది, ఇరవై కిలోమీటర్లకు విద్యుత్ ఆటోలు బాగా సరిపోతాయి.

విమానం గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఆవకాయ అడిగితే కొరియర్‌లో పంపడం ఇప్పుడు పెద్ద వ్యాపారమైంది. కిలో పచ్చడి విమానంలో అక్కడికి చేరాలంటే దాదాపు ఏడు కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఓడలో వెళ్తే పావు కిలోకు అటూ ఇటూ. పొలంలో, కల్లంలో, మిల్లులో పడిన శ్రమ మొత్తాన్ని ఆ ఒక్క ప్రయాణం మింగేస్తుంది. పచ్చడి నిల్వ ఉండటానికే పుట్టిన తిండి. ఓడలో నెలా నెలన్నర ప్రయాణం దానికి లెక్కలోది కాదు. వేసవిలో కలిపిన ఆవకాయకు ముందస్తు ఆర్డర్లు తీసుకుని, కంటైనరులో పంపి, అక్కడి గోదాము నుంచి పంపిణీ చేయించండి. కొరియర్ ఖర్చు మిగులుతుంది కాబట్టి ధర తగ్గించవచ్చు. తగ్గింపు ఎందుకో చెబితే కొనేవాళ్లు ఓడ వచ్చేదాకా ఆగుతారు.

ఆరో అడుగు: సీసా, సంచి

చుట్టుపక్కల అమ్మకాలకు గాజు సీసా ఉంచుకోండి, కానీ వెనక్కి తీసుకోండి. సీసాకు 20 రూపాయల డిపాజిట్టు పెట్టి, దుకాణం దగ్గరే తిరిగిచ్చే ఏర్పాటు చేయండి. వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, మళ్లీ నింపిన సీసా రెండో వాడకంతోనే భారాన్ని సగానికి తెస్తుంది. మూత మాత్రం ప్రతిసారీ కొత్తది. దూర ప్రాంతాలకు, తిరిగి రాని చోట్లకు తేలికైన పెట్ ప్లాస్టిక్ డబ్బా మేలు. అది 35 గ్రాములుంటుంది, ఉద్గారం గాజులో సగం కూడా ఉండదు. అయితే ఆ డబ్బా కాలువలో చేరితే జరిగే హాని ఈ కర్బన లెక్కలో కనబడదు. కాబట్టి దాన్ని తిరిగి సేకరించే బాధ్యత కూడా ధరలో కలుపుకోవాలి.

కారం ప్యాకెట్లకు వాడే పలుచటి పొరల కవర్లలో ప్లాస్టిక్, అల్యూమినియం కలిసి అతికి ఉంటాయి. విడదీయలేరు కాబట్టి రీసైక్లింగ్‌కు ఎవరూ తీసుకోరు. ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసిన కవర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. కారం రంగు వెలుతురుకు, గాలికి వెలిసిపోతుంది కనుక ముందు ఒక చిన్న బ్యాచ్ నింపి, నాలుగు నెలలు అలమరలో ఉంచి రంగు, వాసన చూశాకే పూర్తిగా మారండి.

చట్టం సంగతీ చూసుకోవాలి. 2022 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో సరుకు అమ్మే బ్రాండు యజమానులకు దాన్ని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత ఉంది. సంస్థ పరిమాణాన్ని బట్టి ఆ బాధ్యత మారుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో మీకు ఏది వర్తిస్తుందో మీ అకౌంటెంటుతో కూర్చుని తేల్చుకోండి.

ఏడో అడుగు: సరఫరాదారులతో ఒప్పందం

పెద్ద రిటైల్ గొలుసు దుకాణాలు ఈమధ్య పర్యావరణ ప్రశ్నావళులు పంపుతున్నాయి. స్టాక్ మార్కెట్లో నమోదైనవాటిలో మార్కెట్ విలువ ప్రకారం తొలి వెయ్యి సంస్థలు 2022-23 నుంచి పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. ఆ ప్రశ్నలు మెల్లగా కిందికి దిగి మీదాకా వస్తాయి. అదే ప్రశ్నావళిని మీరు అట్టపెట్టెల తయారీదారు మీదికి, నూనె వ్యాపారి మీదికి యథాతథంగా తోసేస్తే వాళ్లు అన్నిటికీ 'అవును' అని టిక్కు పెట్టి పంపుతారు. తెలుగులో, ఒక పేజీకి మించకుండా, జవాబుకు ఆధారంగా ఒక కాగితం చూపించగలిగే ప్రశ్నలే అడగండి: కరెంటు బిల్లు ఎంత, బాయిలరులో ఏమి కాలుస్తున్నారు, వాడిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి, పెట్టెలో పాత కాగితం ఎంత శాతం.

అడిగినదానికి ప్రతిగా ఏదో ఒకటి ఇవ్వాలి. నిరంతరం ఆర్డర్లు ఇవ్వండి. సకాలంలో డబ్బివ్వండి. సూక్ష్మ, చిన్న తయారీ సంస్థలకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని చట్టం చెబుతోంది, ఆలస్యమైన బాకీని ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోవడానికి ఆదాయపు పన్ను నిబంధనలూ ఒప్పుకోవు. చెప్పిన మార్పు చేసిన వారికి పదిహేను రోజుల్లోనే ఇవ్వండి. రాని బాకీల కోసం తిరిగే మనిషి కొత్త బాయిలరు గురించి ఆలోచించలేడు. లోపాలు లేకుండా, పర్యావరణానికి హాని లేకుండా తయారుచేసే చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే జెడ్ ధ్రువీకరణ రుసుములో సూక్ష్మ సంస్థలకు 80 శాతం, చిన్నవాటికి 60 శాతం రాయితీ ఉంది. ఈ సంగతి మీ సరఫరాదారుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. దరఖాస్తు నింపడానికి మీ ఆఫీసు మనిషిని ఒక పూట పంపించండి.

ఎనిమిదో అడుగు: లేబులు మీద రాసేది

పని అయ్యాకే ప్రచారం. తప్పుదోవ పట్టించే పర్యావరణ ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు తెచ్చింది. 'పర్యావరణహితం', 'పచ్చదనం' లాంటి మాటలు ఆధారం లేకుండా వాడకూడదు. 'ఈ సీసా తిరిగిస్తే 20 రూపాయలు', 'ఈ మిర్చి ఫలానా మండలంలో టార్పాలిన్ మీద ఆరబెట్టింది' అని రాయండి. అవి ఎవరైనా సరిచూసుకోగల మాటలు. సేంద్రియం అని రాయాలంటే గుర్తింపు పొందిన ధ్రువీకరణ, దానితో ప్రభుత్వం నిర్దేశించిన సేంద్రియ గుర్తు ఉండాలి.

తొమ్మిదో అడుగు: ఏటా అదే పట్టిక

మిర్చి కొనుగోళ్లు ముగిశాక, జూన్‌లో ఒక వారం కేటాయించి మొదటి పట్టికను మళ్లీ నింపండి. రెండు అంకెలు రాసుకోవాలి: కిలో సరుకుకు ఎంత ఉద్గారం, ఏడాది మొత్తానికి ఎంత. వ్యాపారం పెరిగితే మొదటిది తగ్గి రెండోది పెరగవచ్చు. రెండూ దాచకుండా సంఘం రైతులకు, సీసాల వ్యాపారికి, లారీ యజమానికి చూపించండి. ఎర్ర సిరాతో గుర్తు పెట్టిన గడుల్లో ఈ ఏడాది ఎన్ని నిండాయో లెక్కపెట్టి, మిగిలినవాటిలో బరువు ఎక్కువున్న సరుకును వచ్చే సీజన్ పనిగా ఎంచుకోండి. నాట్లు మొదలవకముందే ఆ ఊరికి వెళ్లి మాట్లాడి రావాలి.